ఆడవాళ్ల ఆరోగ్యం, దానిమీద జరిగే రీసెర్చ్: అందరూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

ముందే ఒక మాట. ఇది చదివి వాడుతున్న మందు ఏదీ మానేయొద్దు, కొత్తది మొదలుపెట్టొద్దు. డాక్టర్ దగ్గర కూర్చున్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుందని రాస్తున్నా, అంతే. కింద ఒకటే ప్రశ్న తిరిగి తిరిగి వస్తుంది, విసుక్కోకండి: "ఇది ఎవరి ఒంటిమీద చూసి చెప్తున్నారు?"

ఆడవాళ్ల ఆరోగ్యం అంటే పీరియడ్స్, ప్రెగ్నెన్సీ, గర్భసంచి ఇవేగా?

కాదండి. అవి ఒక భాగం మాత్రమే. ఆడవాళ్లకే వచ్చేవి కొన్ని, ఇద్దరికీ వచ్చినా ఆడవాళ్లకి బాగా ఎక్కువ వచ్చేవి కొన్ని, ఇద్దరికీ వచ్చినా ఆడవాళ్లలో వేరేలా కనిపించేవి ఇంకొన్ని. మైగ్రేన్, థైరాయిడ్, లూపస్ లాంటివి రెండో రకం. గుండెపోటు మూడో రకం. మన ఒంట్లో రోగనిరోధక శక్తి మనమీదకే తిరగబడే జబ్బులు ఉంటాయి కదా, ఆటోఇమ్యూన్ అంటారు, ఆ పేషెంట్లలో ప్రతి ఐదుగురిలో దాదాపు నలుగురు ఆడవాళ్లే. ఎందుకిలా అంటే చాలాకాలం "హార్మోన్లు" అని ఒక్క మాటలో తేల్చేసేవాళ్లు. 2024లో స్టాన్‌ఫర్డ్ సైంటిస్టులు వేరే దారి చూపించారు. ఆడవాళ్లకి రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి, అందులో ఒకదాన్ని నోరు మూయించడానికి ఎక్సిస్ట్ అనే ఆర్‌ఎన్‌ఏ పనిచేస్తుంది, దాని చుట్టూ పోగయ్యే ప్రొటీన్లని చూసి రోగనిరోధక వ్యవస్థ శత్రువనుకుంటోందేమో అని. ఎలకల మీద చూపించారు, మందు దాకా రావడానికి టైం పడుతుంది. అయినా "హార్మోన్లు అంతే" దగ్గర ఆగిపోకుండా ఎవరో ఇంకో అడుగు వేశారు.

ఇన్నేళ్లు మందుల ట్రయల్స్‌లో ఆడవాళ్లని ఎందుకు పెట్టుకోలేదు?

దీనికి కాస్త పెద్ద జవాబే ఉంది.

థాలిడోమైడ్ అని ఒక మందు, 1957లో జర్మనీలో అమ్మకానికి వచ్చింది, నిద్రకి, తర్వాత వేవిళ్లకి కూడా ఇచ్చేవాళ్లు. 1961 చివరికి దాన్ని వెనక్కి తీసుకునేసరికి ప్రపంచంలో పదివేల మందికి పైగా పిల్లలు చేతులూ కాళ్లూ సరిగ్గా ఎదగకుండా పుట్టారు. అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే ఫ్రాన్సెస్ కెల్సీ అనే ఆవిడ, సేఫ్టీ వివరాలు చాలవని, కంపెనీ ఎంత ఒత్తిడి పెట్టినా అనుమతి ఇవ్వలేదు కాబట్టి అప్పట్లో అక్కడ మార్కెట్లోకి రాలేదు. తర్వాత డీఈఎస్ అనే ఇంకో కథ, గర్భం నిలవడానికని ఇచ్చిన హార్మోన్ మందు, 1971లో తేలిందేంటంటే అది వాడిన తల్లులకి పుట్టిన ఆడపిల్లల్లో కొందరికి టీనేజ్‌లోనే యోనిలో అరుదైన క్యాన్సర్ వస్తోందని.

ఈ భయంతో 1977లో ఎఫ్‌డీఏ ఒక గైడ్‌లైన్ పెట్టింది: పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లని మందుల మొదటి దశ ట్రయల్స్‌లోకి తీసుకోవద్దు. గర్భనిరోధక మాత్రలు వాడుతున్నా సరే, పెళ్లి కాకపోయినా సరే, భర్తకి వేసెక్టమీ అయినా సరే, వద్దంటే వద్దే. ఇక్కడ నాకు మింగుడుపడనిది ఒకటే. థాలిడోమైడ్ విషాదం ట్రయల్‌లో జరగలేదు, గర్భిణుల్లో సరిగ్గా పరీక్షించకుండానే నేరుగా వాళ్ల చేతుల్లో పెట్టడం వల్ల జరిగింది. అంటే నేర్చుకోవాల్సింది ఇంకా జాగ్రత్తగా పరీక్షించాలని, నేర్చుకున్నది అసలు పరీక్షించొద్దని. దానికి తోడు "ఆడవాళ్ల హార్మోన్లు నెలనెలా మారతాయి, డేటా గందరగోళం అవుతుంది" అనే సాకు. అలా మారే ఒంటికే కదా రేపు ఆ మందు ఇచ్చేది!

1993లో రెండు మార్పులొచ్చాయి. ఎఫ్‌డీఏ ఆ నిషేధం ఎత్తేసింది, వైద్య రీసెర్చ్‌కి డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐహెచ్ డబ్బుతో జరిగే క్లినికల్ రీసెర్చ్‌లో ఆడవాళ్లు ఉండాల్సిందే అని చట్టం వచ్చింది. ల్యాబ్‌లో ఎలకల దగ్గర కూడా ఆడా మగా తేడా లెక్కలోకి తీసుకోవాలని ఎన్‌ఐహెచ్ రూల్ అమల్లోకి రావడానికి 2016 పట్టింది.

అదంతా పాత కథ కదా, ఇప్పుడు నాకేంటి?

మీ మందుల డబ్బాలో ఉన్న చాలా మందులు ఆ పాత కాలంవే, అందుకు.

జోల్పిడెమ్ అనే నిద్రమాత్ర అమెరికాలో 1992లో వచ్చింది, ఆడా మగా అందరికీ 10 మిల్లీగ్రాములు. ఆడవాళ్ల ఒంట్లోంచి ఆ మందు నెమ్మదిగా పోతుంది, పొద్దున లేచి బండి తీసేసరికి రక్తంలో ఇంకా ఉంటోంది. 2013లో ఆడవాళ్లకి మొదలుపెట్టే డోసు 5 చేశారు. ఇరవై ఏళ్లు పట్టింది. ఇంకోటి, 1997 నుంచి 2001 మధ్య అమెరికాలో వెనక్కి తీసుకున్న పది మందుల లెక్క తీస్తే, ఎనిమిదింటిలో ఆడవాళ్లకే ప్రమాదం ఎక్కువని ఆ దేశ ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది.

పాపకి పీరియడ్స్ మొదలయ్యాయి కానీ నెలనెలా టైంకి రావట్లేదు, కంగారు పడాలా?

మొదటి రెండు మూడేళ్లు అలాగే ఉంటుంది, 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడొచ్చినా మామూలే. పదిహేనేళ్లు నిండినా అసలు మొదలవ్వకపోయినా, మూడు నెలలు దాటి రాకపోయినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోతున్నా చూపించాలి. పెద్దయ్యాక 24 నుంచి 38 రోజులు లెక్క.

ఇక్కడే ఒక చిన్న సంగతి చెప్పాలి. కోవిడ్ టీకా వేసుకున్నాక డేట్ తప్పిందని ఎంతమంది చెప్పినా మొదట్లో "టెన్షన్ వల్ల" అని కొట్టిపారేశారు, ఎందుకంటే టీకా ట్రయల్స్‌లో పీరియడ్స్ గురించి అడగనే లేదు. 2022లో దాదాపు నాలుగు వేల మంది యాప్‌లో రాసుకున్న డేట్లు తీసి చూస్తే నిజంగానే కొంచెం ఆలస్యం అవుతోంది, సగటున ఒక రోజు కంటే తక్కువ, అదీ తాత్కాలికంగా. అంటే భయపడాల్సిందేం లేదు, కానీ ఆడవాళ్లు చెప్పింది అబద్ధమూ కాదు. ముందే అడిగి ఉంటే పుకార్లకి సందే ఉండేది కాదు కదా. ఇంకా విచిత్రం వినండి, ప్యాడ్లూ కప్పులూ ఎంత పీలుస్తాయో నిజం రక్తకణాలతో పరీక్షించి పోల్చిన స్టడీ 2023లో వచ్చింది. అంతకుముందు ఎక్కువగా నీళ్లతో, ఉప్పు నీళ్లతో.

నెలసరి నొప్పి అందరికీ ఉండేదే అంటారు, నిజమా?

కొంత నొప్పి ఉంటుంది, నిజమే. గర్భసంచి పొర విడిపోయేటప్పుడు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారై కండరాన్ని పిండేస్తాయి. ఐబుప్రోఫెన్ లాంటివి ఆ రసాయనం తయారవ్వకుండా ఆపుతాయి కాబట్టే నొప్పి ముదిరాక వేసుకునే కన్నా మొదలవుతున్నప్పుడే వేసుకుంటే బాగా పనిచేస్తాయి (అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం అడక్కుండా వేసుకోకూడదు).

కానీ స్కూలు మానేసేంత, మంచం దిగలేనంత, మాత్రలకి కూడా లొంగని నొప్పి మామూలు కాదు. పీరియడ్స్‌లో మోషన్‌కి వెళ్తే ప్రాణం పోయినట్టుండటం, కలిసినప్పుడు లోపల లోతుగా నొప్పి, పిల్లలు పుట్టకపోవడం, ఇవన్నీ ఉంటే ఎండోమెట్రియోసిస్ గురించి అడగండి. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడం అన్నమాట. పిల్లలు పుట్టే వయసు ఆడవాళ్లలో దాదాపు పది శాతం, అంటే ప్రపంచంలో సుమారు 19 కోట్ల మందికి ఉంటుందని డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. పేరు పెట్టించుకోవడానికే ఏళ్లు పడుతుంది. ఒక కారణం, స్కానింగ్‌లో ఏమీ కనపడకపోయినా ఇది ఉండొచ్చు, "స్కాన్ నార్మల్" అనగానే ఇంటికి పంపించేస్తారు. ఇంకో కారణం, లాపరోస్కోపీ, అంటే పొట్టకి చిన్న రంధ్రం పెట్టి కెమెరాతో చూసే ఆపరేషన్, చేసి చూస్తేనే ఖాయం అనేవాళ్లు. 2022లో యూరప్ గైడ్‌లైన్ ఇది మార్చింది, లక్షణాలు, పరీక్ష, స్కాన్ బట్టే ట్రీట్‌మెంట్ మొదలుపెట్టొచ్చు, ప్రతి ఒక్కరికీ ముందు ఆపరేషన్ అక్కర్లేదు. "నొప్పి ఉంది" అనకుండా ఎన్ని రోజులు ఏ పని చేయలేకపోయారో రాసుకెళ్లండి, అది ఎవరూ కొట్టిపారేయలేరు.

హెచ్‌పీవీ టీకా చిన్నపిల్లకి ఇప్పుడే ఎందుకు? పెద్దయ్యాక వేయిద్దాంలే అంటున్నారు ఇంట్లో

హెచ్‌పీవీ అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ తెచ్చే వైరస్. టీకా రోగం రాకుండా ఆపుతుంది, వచ్చింది పోగొట్టదు. ఈ వైరస్ కలయిక వల్ల అంటుకుంటుంది కాబట్టి ఆ వయసు రాకముందే, 9 నుంచి 14 మధ్య, వేస్తేనే పూర్తి లాభం. దీనికీ అమ్మాయి ప్రవర్తనకీ సంబంధం పెట్టి మాట్లాడేవాళ్లకి ఒకటే చెప్పండి, పోలియో చుక్కలు వేయడానికి పోలియో వచ్చేదాకా ఆగలేదు కదా అని.

సర్వైకల్ క్యాన్సర్, అంటే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్, దాదాపు అన్నీ ఈ వైరస్ వల్లే. ఇది కనిపెట్టిన హారల్డ్ త్సూర్ హౌసెన్‌కి 2008లో నోబెల్ ఇచ్చారు. 2006లో మొదటి టీకా వచ్చింది. నిజంగా క్యాన్సర్ తగ్గిందా అంటే, తగ్గింది. స్వీడన్‌లో 17 ఏళ్లలోపు వేయించుకున్నవాళ్లలో 88 శాతం తక్కువ, ఇంగ్లాండ్‌లో 12, 13 ఏళ్లకే వేయించుకున్నవాళ్లలో 87 శాతం తక్కువ. ఎంత చిన్న వయసు అంత లాభం అని రెండు దేశాలూ చూపించాయి. 2022 నుంచి డబ్ల్యూహెచ్‌ఓ ఒక్క డోసు షెడ్యూల్ కూడా సరిపోతుందని ఒప్పుకుంది. హెచ్‌ఐవీ లాంటివి ఉండి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకి మాత్రం ఎక్కువ డోసులు కావాలి.

టీకా వేయించుకున్నా 30 దాటాక స్క్రీనింగ్ చేయించుకోవాలి, అన్ని రకాల వైరస్‌లనీ టీకా ఆపదు. ఇప్పుడు హెచ్‌పీవీ టెస్టుకి స్వాబ్‌తో శాంపిల్ మనమే తీసుకునే పద్ధతి కూడా ఉంది, సిగ్గుపడి వెళ్లనివాళ్లకి ఇది చాలా మేలు.

ఈ రీసెర్చ్ వెనక ఒకావిడ ఉంది, చెప్పకుండా దాటలేను. హెన్రియెట్టా లాక్స్, అమెరికాలో నల్లజాతి తల్లి, ఐదుగురు పిల్లలు, 1951లో ఇదే క్యాన్సర్‌తో 31 ఏళ్లకే పోయింది. ఆవిడకి చెప్పకుండా తీసిన కణాలే హీలా కణాలు, ఇప్పటికీ ప్రపంచంలో ల్యాబుల్లో బతికున్నాయి. హెచ్‌పీవీ 18 రకం వైరస్ ఆ కణాల్లోనే ఉందని తర్వాత తేలింది. ఒక్క మాట అడిగి ఉంటే పోయేదేముంది?

స్కాన్‌లో పీసీఓఎస్ అన్నారు, సిస్టులు ఎప్పుడు కరుగుతాయి?

అవి సిస్టులే కావు, పేరే తప్పు పెట్టారు. పూర్తిగా ఎదగకుండా ఆగిపోయిన చిన్న చిన్న ఫాలికల్స్ (అండాశయంలో అండం పెరిగే సంచులు) అవి, కరిగించాల్సినవి కావు. పీరియడ్స్ టైంకి రాకపోవడం, మగ హార్మోన్లు ఎక్కువుండటం (గడ్డం మీద వెంట్రుకలు, మొటిమలు, లేదా బ్లడ్ టెస్టులో), స్కాన్‌లో ఆ ఫాలికల్స్, ఈ మూడింట్లో రెండు ఉంటేనే పీసీఓఎస్, 2003 నుంచి అదే రూల్. స్కాన్ ఒక్కటే చూసి పేరు పెట్టకూడదు, టీనేజ్ పిల్లలకైతే అసలు స్కాన్ లెక్కలోకే తీసుకోకూడదు, ఆ వయసులో చాలామందికి అలాగే కనపడుతుంది. పీసీఓఎస్‌ని పిల్లలు పుట్టే సమస్యగా మాత్రమే చూడటం ఇంకో పొరపాటు. షుగర్, బీపీ, డిప్రెషన్ రిస్కు జీవితాంతం ఉంటుంది, కాబట్టి పిల్లలు పుట్టాక ఫైలు అటక మీద పడేయకండి.

ఐరన్ మాత్రలు వేసుకుంటే కడుపులో మంట, మలబద్ధకం. రోజూ వేసుకోవాల్సిందేనా?

గర్భంతో లేని ఆడవాళ్లకి హీమోగ్లోబిన్ 12 కంటే తక్కువుంటే రక్తహీనత, గర్భంతో ఉంటే 11 కంటే తక్కువ. హీమోగ్లోబిన్ బాగానే ఉన్నా నిల్వలు ఖాళీ అయిపోయి ఉండొచ్చు, దానికి ఫెరిటిన్ టెస్టు ఉంది, నీరసం తగ్గకపోతే అడగండి.

మాత్ర సంగతికొస్తే, ఐరన్ వేసుకోగానే లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్ వదులుతుంది, అది దాదాపు ఒకరోజు పాటు పేగుల తలుపు వేసేస్తుంది, మర్నాడు వేసుకున్న మాత్రలోంచి తక్కువే లోపలికి పోతుంది. స్విట్జర్లాండ్‌లో ఐరన్ నిల్వలు తగ్గిన యువతుల మీదే చేసిన స్టడీ, 2017లో వచ్చింది, రోజు విడిచి రోజు వేసుకుంటే మాత్రలోంచి ఒంటికి పట్టే శాతం పెరుగుతోందని చెప్పింది. మంట పుట్టేవాళ్లకి ఇది మంచి దారి. కానీ గర్భిణులూ, బాగా తక్కువున్నవాళ్లూ డాక్టర్ చెప్పినట్టే వేసుకోవాలి, ఎందుకంటే ఆ స్టడీలో వాళ్లు లేరు. చూశారా, మళ్లీ అదే ప్రశ్న. టీ కాఫీలతో మాత్రం వేసుకోకండి, ఎవరైనా సరే.

గర్భంతో ఉన్నప్పుడు ఏ మందు అడిగినా "సేఫ్టీ డేటా లేదు" అంటారు, ఎందుకు?

గర్భిణుల్ని ట్రయల్‌లోకి తీసుకోరు కాబట్టి. తీసుకోకపోతే డేటా రాదు, డేటా లేదని తీసుకోరు, ఇది తెగని ముడి. కోవిడ్ టీకాల మొదటి పెద్ద ట్రయల్స్‌లోనూ ఇదే జరిగింది, తర్వాత టీకా వేయించుకున్న వేలమంది గర్భిణుల వివరాలు పోగేశాకే సేఫ్ అని తెలిసింది. ఆలోపు ఎంతమంది భయపడి వేయించుకోలేదో.

జాగ్రత్తగా చేస్తే ఎంత మేలో కూడా చెప్తాను. 1994లో హెచ్‌ఐవీ ఉన్న గర్భిణులకి జిడోవుడిన్ ఇచ్చి చూశారు. బిడ్డకి వైరస్ అంటడం 25.5 శాతం నుంచి 8.3కి పడిపోయింది. 1991లో ఫోలిక్ యాసిడ్ ట్రయల్, ముందు కాన్పులో బిడ్డకి వెన్నుపాము లోపం వచ్చిన తల్లులకి ఇస్తే మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. ఈ రోజు ప్రపంచమంతా గర్భానికి ముందే ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టమంటోందంటే ఆ ట్రయల్‌లో ఉన్న తల్లుల పుణ్యమే. మామూలుగా రోజుకి 400 మైక్రోగ్రాములు, నెల తప్పకముందు నుంచే, ఎందుకంటే వెన్నుపాము మూసుకునేది మొదటి నాలుగు వారాల్లో, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు.

ఫిట్స్, థైరాయిడ్, బీపీ, డిప్రెషన్ మందులు వాడేవాళ్లు గర్భం అని తెలియగానే భయంతో మానేయొద్దు, ఒక్కోసారి మందు కన్నా మానేయడమే ప్రమాదం. మార్చాల్సినవి ఉంటాయి, ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రోయేట్ లాంటివి బిడ్డకి హాని చేస్తాయి, కానీ అది ప్లాన్ చేసుకునేటప్పుడే మాట్లాడి మార్చుకోవాలి.

కాన్పులో తల్లులు ఇంకా ఎందుకు చనిపోతున్నారు?

2023లో ప్రపంచంలో సుమారు 2,60,000 మంది, డబ్ల్యూహెచ్‌ఓ లెక్క. ఎక్కువ భాగం ఆపగలిగినవే. రక్తస్రావం మొదటి శత్రువు, దాని దగ్గర సమస్య మందు లేకపోవడం ఒక్కటే కాదు, ఎంత రక్తం పోయిందో కంటితో చూసి అంచనా వేయడం, అది ఎప్పుడూ తక్కువే అనిపిస్తుంది. 2023లో వచ్చిన ఈ-మోటివ్ అనే ట్రయల్‌లో నాలుగు ఆఫ్రికా దేశాల్లో, రెండు లక్షలకి పైగా కాన్పుల్లో, తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచీ పెట్టారు, గీత దాటగానే చేయాల్సినవన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్రమైన రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం, అన్నీ కలిపి 60 శాతం తగ్గాయి. కొత్త మందు ఒక్కటీ లేదు, గీతలున్న సంచీ!

రెండోది బీపీ. గర్భంతో ఉన్నప్పుడు బీపీ ప్రమాదకరంగా పెరిగే ప్రీఎక్లాంప్సియాలో ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇస్తే రిస్కు సగానికి తగ్గుతుందని 2002లో మాగ్‌పై ట్రయల్ తేల్చింది. రిస్కు ఎక్కువున్నవాళ్లకి 16 వారాల్లోపే చిన్న డోసు ఆస్పిరిన్ మొదలుపెడతారు. తలనొప్పి తగ్గకపోవడం, కళ్లముందు మెరుపులు, పొట్ట పైభాగంలో నొప్పి, ఒక్కసారిగా మొహం వాపు ఉంటే మర్నాటి దాకా ఆగొద్దు, కాన్పయిన తర్వాత వారాల్లో కూడా ఇవి రావచ్చు. ఇంకోటి ఎవరూ చెప్పనిది, ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకి తర్వాతి జీవితంలో గుండె జబ్బు రిస్కు దాదాపు రెట్టింపు. యాభై ఏళ్లప్పుడు గుండె డాక్టర్‌కి ఇరవై ఐదేళ్ల నాటి కాన్పు సంగతి చెప్పాలి, ఆయన అడక్కపోయినా.

బిడ్డ పుట్టాక ఏడుపొస్తోంది, బిడ్డ మీద ప్రేమ లేదా నాకు?

ప్రేమకీ దీనికీ సంబంధం లేదు. మొదటి రెండు వారాల్లో ఏడుపు చాలామందికి వస్తుంది, పోతుంది. అది దాటి నిద్ర పట్టకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నేను పనికిరాను అనిపించడం ఉంటే డిప్రెషన్. ప్రపంచంలో బాలింతల్లో సుమారు 13 శాతం మందికి మానసిక సమస్య వస్తుందని డబ్ల్యూహెచ్‌ఓ అంటుంది, ఎక్కువగా ఇదే. ఎడిన్‌బరో స్కేల్ అని పది ప్రశ్నల కాగితం, 1987 నుంచి వాడుతున్నారు, ఐదు నిమిషాల పని, చెకప్‌కి వెళ్లినప్పుడు అడగొచ్చు. కౌన్సెలింగ్ పనిచేస్తుంది, పాలిచ్చే తల్లులు వాడగలిగే మందులూ ఉన్నాయి. చచ్చిపోవాలనో బిడ్డని ఏదైనా చేయాలనో ఆలోచన వస్తే, లేనివి కనిపించడం వినిపించడం ఉంటే, అది ఎమర్జెన్సీ. ఆ నిమిషమే ఎవరో ఒకరు పక్కనుండి తీసుకెళ్లాలి.

గుండెపోటు మగవాళ్ల జబ్బు కదా?

ప్రపంచంలో ఆడవాళ్ల మరణాలకి మొదటి కారణం గుండె, రక్తనాళాల జబ్బులే. ఏ క్యాన్సరూ కాదు.

గుండెనొప్పి ఆడవాళ్లకీ ఎక్కువగా ఛాతీలోనే వస్తుంది, "ఆడవాళ్లకి ఛాతీ నొప్పి రాదు" అనుకుంటే ఇంకో తప్పు. కానీ దాంతోపాటు ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, దవడలో వీపులో నొప్పి, చెప్పలేనంత నీరసం ఎక్కువగా ఉంటాయి, దాంతో గ్యాస్ అనో టెన్షన్ అనో పొరబడతారు. యాంజియోగ్రామ్‌లో పెద్ద బ్లాక్ కనపడకపోయినా చిన్న రక్తనాళాల్లో సమస్య ఉండొచ్చు, ఇదీ ఆడవాళ్లలోనే ఎక్కువ. "ఏం లేదు, వెళ్లు" అన్నాక కూడా నొప్పి వస్తుంటే వదలొద్దు.

ఆస్పిరిన్ కథ దీనికి మంచి ఉదాహరణ. 1989లో వచ్చిన పెద్ద ట్రయల్, 22,071 మంది డాక్టర్లు, అందరూ మగవాళ్లే, గుండెపోట్లు 44 శాతం తగ్గాయి. అదే ఆడవాళ్లకీ అనుకున్నారు. 2005లో దాదాపు 40,000 మంది ఆడవాళ్ల మీద చూస్తే గుండెపోటు మొత్తం మీద తగ్గలేదు, పక్షవాతం 17 శాతం తగ్గింది. ఒకటే మాత్ర, జవాబు వేరే! (ఏ జబ్బూ లేనివాళ్లు ముందుజాగ్రత్తకి ఆస్పిరిన్ వేసుకోవడం ఇప్పుడు మామూలుగా ఎవరికీ చెప్పట్లేదు, రక్తస్రావం భయం వల్ల.)

మెనోపాజ్‌కి హార్మోన్లు వాడితే క్యాన్సర్ వస్తుందట కదా?

ఎక్కువమంది అడిగేది ఇదే, కాబట్టి నిదానంగా.

వరుసగా పన్నెండు నెలలు పీరియడ్స్ రాకపోతే మెనోపాజ్, చాలా దేశాల్లో సగటు 45 నుంచి 55 మధ్య. ఒళ్లంతా సెగలు, రాత్రి చెమటలు, నిద్ర లేకపోవడం, కింద పొడిబారడం, కీళ్ల నొప్పులు, చిరాకు. హార్మోన్ థెరపీ సెగలకి అన్నిటికన్నా బాగా పనిచేసే మందు, ఇందులో ఎవరికీ తగాదా లేదు.

భయం ఎక్కడిదంటే 2002 జులై నుంచి. విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్ అనే అమెరికా స్టడీలో ఈస్ట్రోజెన్, ప్రోజెస్టిన్ కలిపి ఇస్తున్న భాగాన్ని మధ్యలో ఆపేశారు, రొమ్ము క్యాన్సర్ రిస్కు 26 శాతం పెరిగిందని. ఆ 26 శాతం ప్రపంచమంతా పాకింది, కోట్లమంది మాత్రలు చెత్తబుట్టలో వేశారు. లెక్క విప్పి చూడండి: ఏడాదికి పదివేల మందిలో మందు వేసుకోనివాళ్లలో సుమారు 30 మందికి క్యాన్సర్ వస్తే, వేసుకున్నవాళ్లలో 38 మందికి. ఎనిమిది మంది ఎక్కువ. గుండె జబ్బు ఏడుగురికి ఎక్కువ, పక్షవాతం ఎనిమిది మందికి ఎక్కువ, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డలు ఎనిమిది మందికి ఎక్కువ, తుంటి విరగడం ఐదుగురికి తక్కువ, పెద్దపేగు క్యాన్సర్ ఆరుగురికి తక్కువ. చిన్న లెక్క అని కొట్టిపారేయమనట్లేదు, ఆ ఎనిమిది మందీ మనుషులే, కానీ "26 శాతం" వింటే కలిగే భయం వేరు, ఇది వేరు.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ స్టడీలో ఎవరున్నారు? 50 నుంచి 79 ఏళ్లవాళ్లు, సగటు 63. సెగలతో నిద్రలేక అల్లాడే 50 ఏళ్ల ఆవిడ గురించి కాదు ఆ స్టడీ అడిగింది, పెద్దవయసులో గుండె జబ్బు ఆపడానికి హార్మోన్లు పనికొస్తాయా అని. దానికి జవాబు "లేదు", ఆ జవాబు ఇప్పటికీ కరెక్టే. తప్పు ఎక్కడంటే ఆ జవాబు తెచ్చి వేరే ప్రశ్నకి అతికించడం. తర్వాత వయసులవారీగా విడదీసి చూస్తే, 60 లోపు లేదా మెనోపాజ్ వచ్చిన పదేళ్లలోపు మొదలుపెట్టినవాళ్లలో లాభనష్టాల లెక్క చాలా మెరుగ్గా ఉంది. గర్భసంచి తీసేసినవాళ్లకి ఈస్ట్రోజెన్ ఒక్కటే ఇచ్చిన భాగంలో రొమ్ము క్యాన్సర్ పెరగలేదు సరికదా తర్వాతి ఏళ్లలో తక్కువే కనిపించింది, పక్షవాతం మాత్రం పెరిగింది. గర్భసంచి ఉన్నవాళ్లు ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడకూడదు, లోపలి పొర క్యాన్సర్ రిస్కు పెరుగుతుంది, ప్రోజెస్టోజెన్ తోడుండాలి.

రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, రక్తం గడ్డలు, పక్షవాతం, లివర్ జబ్బు ఉన్నవాళ్లకి మామూలుగా ఇవ్వరు. హార్మోన్ కాని మందులు వచ్చాయి, 2023లో ఫెజోలినెటాంట్ అని మెదడులో వేడిని నియంత్రించే చోట పనిచేసేది. 40 ఏళ్లలోపే ఆగిపోయినా, అండాశయాలు తీసేసినా సంగతి వేరు, వాళ్లకి మామూలు మెనోపాజ్ వయసు దాకా హార్మోన్ కావాలనే ఎక్కువగా చెప్తారు, లేకపోతే ఎముకలూ గుండే దెబ్బతింటాయి. ఇక మెనోపాజ్ అయ్యాక ఒక్క చుక్క రక్తం కనపడినా చూపించాలి, "మళ్లీ వచ్చిందేమోలే" అనుకోవద్దు.

ఎముకల టెస్టు, మామోగ్రామ్ ఎప్పటినుంచి?

మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే, దానికి దేశానికో రూల్ ఉంది. అమెరికాలో 2024 నుంచి 40 నుంచి 74 దాకా రెండేళ్లకోసారి అంటున్నారు, కొన్ని దేశాల్లో 50 నుంచి. అమ్మకో అక్కకో చిన్నవయసులో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చుంటే ఈ వయసులు వర్తించవు, బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి అడగండి. గడ్డ తగిలితే వయసుతో పనిలేదు, వెంటనే.

ఎముకలకి డెక్సా స్కాన్, ఎక్కువగా 65 దాటాక, ముందే ఎముక విరిగినా, త్వరగా మెనోపాజ్ వచ్చినా, స్టెరాయిడ్లు వాడుతున్నా ఇంకా ముందే. ఆ స్కాన్‌లో వచ్చే టీ-స్కోర్ మైనస్ 2.5 లేదా అంతకన్నా కింద ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారడం.

మతిమరుపు జబ్బు ఆడవాళ్లకే ఎక్కువా?

అల్జీమర్స్ ఉన్నవాళ్లలో మూడింట రెండొంతులు ఆడవాళ్లే. ఎక్కువకాలం బతకడం ఒక కారణం, అదొక్కటే కాకపోవచ్చని హార్మోన్లు, జన్యువుల మీద ఇంకా వెతుకుతున్నారు. మెనోపాజ్ టైంలో మాట గుర్తురాకపోవడం, గదిలోకి ఎందుకొచ్చానో మర్చిపోవడం మాత్రం డిమెన్షియా కాదు, చాలామందికి తర్వాత సర్దుకుంటుంది. బీపీ, షుగర్, వినికిడి, ఈ మూడూ చూసుకోవడం మన చేతిలో ఉన్నవి.

నేను ట్రయల్‌లో చేరొచ్చా? మనమీద ప్రయోగాలు చేస్తారేమో అని భయం

భయం ఊరికే రాలేదు. 1950ల్లో గర్భనిరోధక మాత్రని ప్యూర్టో రికోలో పేద ఆడవాళ్ల మీద పరీక్షించినప్పుడు అది ప్రయోగంలో ఉన్న మందని వాళ్లకి చెప్పలేదు, తల తిరుగుతోంది, వాంతులు అంటే పట్టించుకోలేదు, ఆ డోసులు ఈ రోజు మాత్రలతో పోలిస్తే చాలా ఎక్కువ. ఇప్పుడు ఎథిక్స్ కమిటీ అనుమతి ఉండాలి, మీ భాషలో రాసిన సమ్మతి పత్రం ఇవ్వాలి, మీరు చదివి, ఇంటికి తీసుకెళ్లి, ఎవరితోనైనా మాట్లాడి అప్పుడు సంతకం పెట్టొచ్చు. ఏ రోజైనా కారణం చెప్పకుండా బయటికి రావచ్చు, దానివల్ల మీకు మామూలుగా అందాల్సిన వైద్యం ఆగకూడదు.

సంతకం ముందు ఇవి అడగండి: ఇందులో నా వయసు ఆడవాళ్లు ఎంతమంది, మధ్యలో గర్భం వస్తే ఏం చేస్తారు, నాకేదైనా అయితే ఖర్చు ఎవరిది, ఫలితాలు ఆడవాళ్లకి విడిగా లెక్కకట్టి చెప్తారా, అయిపోయాక నాకు తెలియజేస్తారా. ప్రమాదం రాకుండా ఎలా చూస్తున్నారో వాళ్ల దగ్గర రాసిపెట్టి ఉంటుంది, చూపించమంటే చూపించాలి. విసుక్కుంటే సంతకం పెట్టకుండా లేచి వచ్చేయండి.